హాఫ్ టిక్కెట్టు ఎస్‌యూవీ

ఈమధ్య మా పెంటపాడులో ఎవరూ కారు కొనడం లేదు. అందరూ ఎస్‌యూవీలే కొంటున్నారు. బండి కాస్త ఎత్తుగా ఉండి, చక్రాల చుట్టూ నల్ల ప్లాస్టిక్ పట్టీ అంటించి ఉంటే చాలు, అది ఎస్‌యూవీ. పొరపాటున "కొత్త కారు బావుందండి" అన్నామో, కొన్నాయన మొహం ముడుచుకుంటుంది. "కారు కాదండి" అని సరిదిద్ది మరీ స్వీటు పెడతాడు.

ఈ జాడ్యం గురించి ఒక అరుగు మీద బావా బావమరిదీ మాట్లాడుకున్న మాటలివి. బావ లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. బావమరిదికి నిడమర్రు వైపు చేపల చెరువులున్నాయి. ఇల్లు బావమరిదిది. వాకిట్లో నిలిపి ఉన్న మారుతి 800 మాత్రం బావది. దానికింకా పాత ఏపీ 37 నంబరే. నేనెవరి పక్షమో దాచుకునే ఓపిక నాకు లేదు, చదివితే మీకే తెలుస్తుంది.

బావమరిది: బావగారూ, ఎస్‌యూవీ బుక్ చేసేద్దామనుకుంటున్నానండి. ఇంట్లోకి, బజారుకి, పిల్లల బడికి, అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి. టాటా పంచ్.

బావ: పొడవెంత?

బావమరిది: పెళ్ళికొడుకుని అడిగినట్టు పొడవు అడుగుతారేంటండి! మైలేజీ అడగండి.

బావ: లెక్కల వాణ్ణి కదా. ముందు కొలతలు చెప్పు.

బావమరిది: (బ్రోచరు తిప్పి) పొడవు 3,827 మిల్లీమీటర్లండి. ఇంజిను 1,199 సీసీ. ఇహ గ్రౌండ్ క్లియరెన్సు చూడండి, 187! అసలు సంగతి ఇక్కడుంది.

బావ: అయితే మూడు సబ్జెక్టుల్లో ఒకటి పాసయ్యావు. 2022 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిలు కూర్చుని ఎస్‌యూవీ అంటే ఏమిటో తేల్చింది. పొడవు నాలుగు మీటర్లు దాటాలి. ఇంజిను 1,500 సీసీ దాటాలి. బండికీ నేలకీ మధ్య 170 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. నీ బండి ఎత్తులో గట్టెక్కింది, మిగతా రెండూ తప్పింది. మూడింట్లో రెండు తప్పినవాణ్ణి మా బళ్ళో ఏమనేవాళ్ళం?

బావమరిది: నన్నడుగుతారేంటండి, నేను మీ దగ్గరే చదివాను.

బావ: అందుకే అడిగాను.

బావమరిది: అది పన్ను కోసం గవర్నమెంటు పెట్టుకున్న లెక్కండి. మనకేంటి!

బావ: అక్కడికే వస్తున్నా. పన్నెంత?

బావమరిది: పద్దెనిమిది శాతమేనండి! అంతకుముందు సెస్సుతో కలిపి 29 ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి తగ్గించేశారు కదా. అందుకేనండి ఈ హడావుడి.

బావ: ఏ కార్లకి తగ్గించారు?

బావమరిది: (గొంతు తగ్గించి) చిన్న కార్లకండి.

బావ: పెద్దవాటికి?

బావమరిది: నలభై.

బావ: అంటే షోరూములో ఎస్‌యూవీ, పన్ను దగ్గర చిన్నకారు! ఒరేయ్, మీవాణ్ణి తిరుపతి తీసుకెళ్ళినప్పుడు తాడేపల్లిగూడెం స్టేషన్లో ఏం చేశావో గుర్తుందా? వాడు అప్పటికి తొమ్మిదో తరగతి. మూతి మీద నూనూగు మీసం. పన్నెండు నిండలేదని హాఫ్ టిక్కెట్టు తీశావు. టీసీ రాగానే మీ ఆవిడ వాడికి దుప్పటి కప్పి ముడుచుకుని పడుకోమంది. ఊరికి తిరిగొచ్చాక సెంటర్లో నిలబడి "మావాడు నన్ను మించిపోయాడు" అని నువ్వే చెప్పుకున్నావు. ఈ బండీ అంతే. టీసీ కనపడితే ముడుచుకుంటుంది, సెంటర్లో మీసం తిప్పుతుంది. హాఫ్ టిక్కెట్టు ఎస్‌యూవీ.

బావమరిది: అందరూ తీసుకున్నారండి ఆ టిక్కెట్టు.

బావ: ఎప్పట్నించనుకున్నావ్? 2006 బడ్జెట్ నుంచి. నాలుగు మీటర్ల లోపు ఉండి, ఇంజిను పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ దాటకపోతే చిన్నకారు, ఎక్సైజు తక్కువ అన్నారు. అంతే, దేశంలో బళ్ళన్నీ పన్నెండేళ్ళ దగ్గర ఎదగడం మానేశాయి. స్విఫ్ట్ డిజైర్ చూడు, 2012లో ఆ టిక్కెట్టు కోసం ఏకంగా తోక కత్తిరించుకుంది.

బావమరిది: పోనీ మన పెనుకొండలో చేసే కియా సోనెట్ తీసుకుందాం. అది పెద్ద బండేనండి.

బావ: 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లకి అయిదు తక్కువ. మన మారుటేరులో పుట్టిన స్వర్ణ రకం వరి గింజ ఒకటి తెచ్చి బంపరుకి అంటిస్తే పెద్దకారైపోతుంది. సరిగ్గా ఆ ఒక్క గింజ దగ్గర ఆగారు చూడు, ఆ చేతికి దణ్ణం పెట్టాలి. ఇది కూడా హాఫ్ టిక్కెట్టే, కాకపోతే వీడికి రేపే పన్నెండు నిండుతాయి.

బావమరిది: ఐ20 అన్నా తీసుకుందామంటే…

బావ: అదీ 3,995. ఇద్దరూ ఒకే టీసీకి భయపడ్డారు.

(ఇక్కడ బావమరిది కాఫీ చల్లారిపోయింది. మళ్ళీ వేడి చేయించుకుని, ఈసారి చెరువు గట్టు మీంచి వచ్చాడు.)

బావమరిది: మీరు గూడెం, భీమవరం తప్ప తిరగరు. నేను గట్ల మీద తిరిగే మనిషినండి. వానొస్తే ఆ బురదలో మామూలు కారు పొట్ట ఆనేస్తుంది.

బావ: గట్టు మీద నీకు ఎదురుగా తౌడు బస్తాల ట్రాక్టరు వస్తే ఎవరు వెనక్కి వెళ్ళాలి?

బావమరిది: ట్రాక్టరు ఎందుకెళ్తాడండి? మనమే వెళ్ళాలి.

బావ: బండి సన్నగా ఉంటే ఓ పక్కకి ఒదిగి వాడికి దారిస్తావు. వెడల్పుగా ఉంటే అర కిలోమీటరు రివర్సు. ఆ పక్కా చెరువు, ఈ పక్కా చెరువు. దాళ్వా కోతలప్పుడు మన రోడ్డు ఎలా ఉంటుందో నేను చెప్పాలా? సగం రోడ్డు బరకాలేసి ధాన్యం ఆరబోస్తారు. మిగిలిన సగంలో బస్సూ, నువ్వూ, ఓ గేదె. నీకు కావలసింది ఎత్తు కాదురా, సందు.

బావమరిది: కొల్లేరు పొంగితేనో?

బావ: తాటిదోనె కొనుక్కో. దానికి గ్రౌండ్ క్లియరెన్సు సున్నా. అయినా కొల్లేట్లో దాన్ని మించిన బండి లేదు. బుడమేరూ తమ్మిలేరూ కలిసి వచ్చిపడిన రోజున నీ 187 మిల్లీమీటర్లు ఏ మూలకి? జానెడు కూడా లేవు.

బావమరిది: (ఇహ లాభం లేదని అసలు అస్త్రం తీసి) సన్‌రూఫ్ ఉందండి. పిల్లలు దానికోసమే ప్రాణం తీస్తున్నారు.

బావ: మీ నాన్న ఏటా వానలకి ముందు పాక మీద తాటాకు మార్పించేవాడు. ఎందుకు?

బావమరిది: చిల్లు పడకూడదనండి.

బావ: ఆయన చిల్లు పూడ్చడానికి డబ్బిచ్చాడు. నువ్వు చిల్లు పెట్టించడానికి ఇస్తున్నావు. బాగానే వృద్ధిలోకి వచ్చాం.

బావమరిది: రాత్రిపూట వెన్నెల పడుతుందండి కార్లో.

బావ: ఆటపాక వెళ్ళి గూడబాతులు తిరిగే వేళకి తెరిచి చూడు, సున్నం కూడా పడుతుంది.

బావమరిది: సంక్రాంతికి పిల్లలు పైకి నిలబడి అలా వెళ్తుంటే…

బావ: ఏం, సర్పంచికి నిలబెడుతున్నావా వాళ్ళని? రోడ్డుకి అడ్డంగా గేదె వస్తుంది, నువ్వు బ్రేకు వేస్తావు. పైన నిలబడ్డవాడి పక్కటెముకల సంగతి బ్రోచర్లో రాశారా?

బావమరిది: చేత్తో నొక్కక్కర్లేదండి, నోటితో చెబితే చాలు. తెరువంటే తెరుచుకుంటుంది, మూసుకోమంటే మూసుకుంటుంది.

బావ: మాట వింటుందా?

బావమరిది: ఆయ్!

బావ: అయితే మీ ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకోకు. ఆవిడ నిన్ను నోరు మూసుకోమన్నప్పుడల్లా పైకప్పు మూసుకుంటుంది.

(లోపలి నుంచి ఆడవాళ్ళ నవ్వు. బావమరిది కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. సరిగ్గా ఇక్కడ బావ గొంతు సవరించుకున్నాడు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి, ఎదుటివాడు నవ్వాడంటే వదలడు.)

బావ: ఇలా విను. ఏడాదికి 365 రోజులు. సంక్రాంతికి మూడు రోజులు, పెళ్ళిళ్ళకి ఓ పది, తిరుపతికి రెండు. మిగతా 350 రోజులూ ఆ కార్లో ఎవరుంటారు? నువ్వూ, మందుల చీటీ పట్టుకుని మీ అమ్మా, వెనక కూరల సంచీ. నువ్వు ఆ పదిహేను రోజుల కోసం కారు కొని ఈ 350 రోజులూ దాన్ని మోస్తావు. నానో సంగతి గుర్తుందా? 2008 జనవరి 10న ఢిల్లీలో చూపించారు. వానలో స్కూటరు మీద తడుస్తూ వెళ్తున్న కుటుంబాన్ని చూసి రతన్ టాటాకి పుట్టిన ఆలోచన. 624 సీసీ ఇంజిను, చక్రానికి మూడే నట్లు, ధర లక్ష. ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. పదేళ్ళు తిరిగేసరికి, 2018లో, చేయడం ఆపేశారు. ఎందుకు?

బావమరిది: సరుకు బాలేదేమోనండి.

బావ: లక్ష కారు, లక్ష కారు అని ఊరంతా దండోరా వేశాక దాన్ని ఎవడు గుమ్మం ముందు నిలబెట్టుకుంటాడు? పక్కింటివాడికి నీ కారు ధర పైసలతో సహా తెలిసిపోయె! మన దేశంలో పేదవాడు కూడా పేదవాడి కారు కొనడు. అది చూశాక చిన్నకారుని చిన్నకారని అమ్మే ధైర్యం ఎవరికీ లేదు. దానికి ఎత్తుచెప్పులు తొడిగి, నల్ల అంచు చీర కట్టి, ఎస్‌యూవీ అని పేరు పెట్టారు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఇచ్చింది. 796 సీసీ. అప్పట్లో అది కొన్నవాణ్ణి ఎవరూ చిన్నకారు కొన్నాడనలేదు. కారు కొన్నాడన్నారు, పది రోజులు చెప్పుకున్నారు. నాదిగో, ఓసారి బోదెలో పడితే నలుగురు కూలీలు ఎత్తి గట్టు మీద పెట్టారు. నీ ఎస్‌యూవీ పడితే క్రేను కోసం ఫోను చేసుకో.

బావమరిది: అయిపోయిందాండి పాఠం? ఇప్పుడు నేనొకటి అడుగుతా. మీ మారుతిలో ఎయిర్‌బ్యాగులు ఎన్నండి?

(బావ పలకలేదు.)

బావమరిది: 2019 జూలై నుంచి కొత్త కారన్నదానికి డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. తర్వాత పక్క సీటుకీ పెట్టారు. ఈ పంచ్‌కి 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు గోడకి గుద్ది చూసి పెద్దల రక్షణకి అయిదు స్టార్లిచ్చారు. మీ బండిని గోడకి గుద్దక్కర్లేదండి, గేదె చాలు. ఏసీ పనిచేయక మా అక్క గూడేనికి ఆటోలో వెళ్తోంది, అది మాత్రం చెప్పరు!

బావ: ఏసీ సంగతి వేరు. (కాసేపాగి) ఎయిర్‌బ్యాగు సంగతి నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ అయిదు స్టార్ల కోసం కొంటున్నానని మొదటే అని ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. పొద్దుట్నించీ నువ్వు ఎత్తన్నావు, చిల్లన్నావు, ఎస్‌యూవీ అన్నావు. ప్రాణం సంగతి నేను దులిపాకే చెప్పావు.

బావమరిది: షోరూమబ్బాయి కూడా దాన్ని ఆఖరునే చెప్పాడండి.

బావ: కొంటే కొను. వెనక కూర్చున్న మీ అమ్మ చేత కూడా బెల్టు పెట్టించు. అన్నట్టు ఆవిడ మోకాళ్ళకి వ్యాగన్ఆర్ అయితే హాయి. వంగక్కర్లేదు, ఎక్కక్కర్లేదు, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. 1999 నుంచీ దాని ఆకారాన్ని చూసి నవ్వినవాళ్ళందరూ ముసలివాళ్ళయ్యాక అందులోనే కూర్చుంటున్నారు.

బావమరిది: అగ్గిపెట్టెలా ఉంటుందండి. చుట్టాలు ఏమనుకుంటారు?

బావ: సరే నీ ఇష్టం. టేపుందా ఇంట్లో?

(టేపు వచ్చింది. మాస్టారు లేచి గేటు దగ్గరికి వెళ్ళాడు. అది బావమరిది తండ్రి కట్టించిన గేటు, అటూ ఇటూ సిమెంటు స్తంభాలు. ఈ పాత మారుతి 1,440 మిల్లీమీటర్ల వెడల్పుతో చులాగ్గా లోపలికొచ్చింది కాబట్టి ఆ గేటు గురించి ఇన్నేళ్ళూ ఎవరూ ఆలోచించలేదు.)

బావ: అయిదున్నర అడుగులు. అంటే 1,676 మిల్లీమీటర్లు. నీ బండి వెడల్పు చదువు.

బావమరిది: (బ్రోచరు దగ్గరగా పెట్టుకుని) 1,742 అండి.

బావ: అద్దాలు కాకుండా?

బావమరిది: అద్దాలు కాకుండానండి.

బావ: వ్యాగన్ఆర్ 1,620. అద్దాలు మడిస్తే దూరుతుంది.

బావమరిది చాలాసేపు గేటు వంకా, బ్రోచరు వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఎవరికో ఫోను చేశాడు. బుకింగు మానేస్తాడేమోనని నేనూ అనుకున్నాను. సాయంత్రం సెంటర్లో కనపడితే అడిగాను. పంచ్ బుక్ చేసేశాడట, సన్‌రూఫ్‌తో సహా. ఎడం పక్క స్తంభం కొట్టడానికి తాపీమేస్త్రి గురువారం వస్తానన్నాడట.