మందా, మసాలానా?

డోర్నకల్ పేరు చెబితే బయటివాళ్లకు రెండు గుర్తొస్తాయి. ఒకటి రైల్వే జంక్షను, రెండోది 1939లో ప్రతిష్ఠ జరిగిన బిషప్ అజరయ్య కాలం నాటి పెద్ద చర్చి. ఊళ్లో ఉండేవాళ్లకు మూడోది కూడా తెలుసు: ఎండ. ఒకప్పుడు మాది వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాద్ జిల్లా. కాగితాల్లో జిల్లా మారింది గానీ వడగాలికి ఆ ఉత్తర్వు కాపీ అందినట్టు లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా వాడకట్టులో రోళ్లకంటే ముందు మనుషుల ఓర్పు పగులుతుంది.

అలాంటి ఎండల్లో మా పెరట్లో నల్లపెట్ట నోరు తెరిచింది.

మనిషికి దగ్గొస్తే "దవాఖానకు పో" అనే జనం, కోడికి దగ్గొస్తే మాత్రం దవాఖాన పేరెత్తరు. ప్రతి ఇంట్లోంచీ ఒక వైద్యుడు బయటికొస్తాడు. మొదట పక్కింటి అత్తమ్మ గోడ మీంచి తల పెట్టి, "ఎల్లిపాయ దంచి మింగియ్యి బిడ్డా, పొద్దుగూకేవరకు లేసి తిరుగుతది" అంది. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన పెదనాయన అరుగు మీంచే పచ్చజెండా ఊపాడు: "మిరియాలు నెయ్యిల నూరి పొయ్యాలె. మా అమ్మ గట్లనే చేసేది." ఎదురింటామె పసుపు అంది. మూలింటాయన అల్లం రసం అన్నాడు. ఉల్లిగడ్డ ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ, అదీ చిట్టాలో చేరింది.

సాయంత్రానికి చిట్టా చూసుకుంటే ఎల్లిపాయ, మిరియాలు, పసుపు, అల్లం, ఉల్లిగడ్డ, నెయ్యి. ఉప్పూ కారమూ తప్ప అన్నీ కుదిరాయి. ఆ లోటు మా బావమరిది తీర్చాడు. "ఎందుకు బావా గింత తిప్పల? కోసేస్తే దాని రోగమూ పోతది, మన ఆదివారమూ ఎల్లిపోతది. కల్యామాకు పెరట్లనే ఉండె."

అప్పుడర్థమైంది, మా ఊళ్లో కోడి వైద్యమూ కోడి కూరా ఒకే పోపుల పెట్టెలోంచి పుట్టాయని. తేడా అల్లా పొయ్యి వెలిగించడంలోనే. ఇంతమంది వైద్యుల్లో "దీనికి వచ్చింది రోగమా, ఎండా?" అని అడిగినవాడు ఒక్కడూ లేడు. వంటకు ఆ ప్రశ్నతో పనిలేదు మరి.

వైద్యానికి ఉంది. కోడికి చెమట పట్టదు, చెమట గ్రంథులే లేవు. ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీల పైన కాగుతుంటుంది. మనకైతే ఆ జ్వరానికి చుట్టాలకు ఫోన్లు వెళ్లిపోతాయి. బయట ఎండ ముదిరితే ఆ వేడిని వదిలించుకోవడానికి కోడికున్న ముఖ్యమైన దారి నోరే. రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, నోరు తెరిచి, నిమిషానికి వందకు పైగా ఊపిర్లు తీస్తుంది. అలా రొప్పీ రొప్పీ రక్తంలోని బొగ్గుపులుసు వాయువును మరీ ఎక్కువగా వదిలేస్తుంది. దాంతో రక్తం గుణం మారుతుంది, గుడ్డు పెంకుకు చేరాల్సిన సున్నానికి గండి పడుతుంది. ఎండాకాలం గుడ్డు చేతిలోనే చిట్లిపోవడానికి ఇదీ ఒక కారణం. మా అత్తమ్మ మాత్రం అది పక్కవాడకట్టు వాళ్ల దిష్టి అని ఇప్పటికీ వాదిస్తుంది.

కాబట్టి కోడి తెరిచిన నోరు అచ్చం మా జంక్షను లాంటిది. సూటిగా పోతే బెజవాడ, పక్కకు మళ్లితే కొత్తగూడెం. ఏ బండి ఎక్కాలో చూసుకోకుండా ఎక్కితే భద్రాద్రి రాముడి దగ్గరికి బయల్దేరినవాడు కృష్ణ ఒడ్డున తేలతాడు. మిట్టమధ్యాహ్నం నోరు తెరిచి, నీడకు చేర్చి నీళ్లు పెడితే సాయంత్రానికి నోరు మూసుకుందంటే అది ఎండ. తెల్లవారుజామున, చల్లటి వేళ కూడా గొంతులో గురగుర ఉంటే అది జబ్బు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, నాలుగింటికి లేవాలి అంతే. బహుశా అందుకే మా వాడకట్టులో ఎవరికీ అది తెలియదు.

ఆ వేళలో అమ్మ గంప ఎత్తి నల్లపెట్టను నా చేతికిచ్చింది. ఇక్కడ ఒక ఉపాయం ఉంది. కోడికి మనలా ఊపిరితిత్తుల కింద పొర ఉండదు. రొమ్ము ఎముక పైకీ కిందికీ ఆడితేనే గాలి లోపలికి పోతుంది. ప్రేమ కొద్దీ గట్టిగా హత్తుకుంటే అక్కడికక్కడే ఊపిరాడక పోతుంది. వదులుగా పట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. గురగుర వినిపించింది. ముక్కు రంధ్రాల్లో చీమిడి, దానికి అంటుకున్న తౌడు. ఒక కంటి మూలలో సన్నటి నురగ బుడగలు. నా వైపు చూసిన ఆ రెండో కన్నులో మాత్రం రోగమేమీ లేదు, పొద్దున్నే నిద్ర లేపినందుకు కోపం ఉంది.

పెదనాయన అప్పటికే నెయ్యి గిన్నెతో గేటు దగ్గర ఉన్నాడు. అమ్మ ఆపేసింది. ఆపడమే మంచిదైంది. కోడి నోరు తెరిచి చూస్తే నాలుక వెనకే ఒక చిన్న చీలిక మూసుకుంటూ తెరుచుకుంటూ కనిపిస్తుంది. అది ఊపిరి దారి. రొప్పే కోడి గొంతులో బలవంతంగా ఏది పోసినా అందులోకి జారిపోవచ్చు. మిరియాల నెయ్యి పొట్టలోకి పోతే వైద్యం, ఊపిరితిత్తుల్లోకి పోతే బావమరిది ఆదివారం.

పశువుల దవాఖానలో డాక్టరు మందు రాయకముందు ప్రశ్నలు వేశాడు. ఎన్నింటికి ఉంది? ఏవైనా చచ్చాయా? పచ్చగా పారుతున్నాయా? మెడలు వంకర పోతున్నాయా? చివరి మూడింటికి అవునంటే అది కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్. వైరస్ కాబట్టి వచ్చాక మందు లేదు. టీకా ముందే వేయించాలి: పిల్లలకు మొదటి వారంలో లాసోటా చుక్క, రెండు నెలల వయసులో ఆర్‌టూబీ సూది. ఆ టీకాను ఐసులో పెట్టి తేవాలి, మన ఎండకు మనకంటే ముందు అదే వడదెబ్బ తింటుంది. కోళ్లు ఒక్కసారిగా గుంపుగా రాలిపోతే కోయడం, పంచడం, పారేయడం ఏదీ వద్దు, వెంటనే దవాఖానకు కబురు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు చూశాం కదా, కోడి పేరెత్తితేనే జనం పప్పుచారు వైపు పరిగెత్తారు.

మా పెట్ట లక్షణాలు ఇంకోరకం. నిదానంగా, నురగ కన్నుతో, గురగురతో వచ్చేది సీఆర్‌డీ, మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి పని. "గూడు ఎట్లుంది?" అని అడిగాడు డాక్టరు. ఎండ తగలకూడదని బావమరిది నాలుగు వైపులా టార్పాలిన్ చుట్టి తాళ్లతో బిగించిన సంగతి చెప్పాను. "తల లోపల పెట్టి చూడు, నీ కండ్లు మండితే దాని గొంతూ మండుతున్నట్టే" అన్నాడు. రెట్టల ఘాటు, అంటే అమ్మోనియా, గొంతులోని సన్నటి పొరను తినేస్తే ఇక ఏ జబ్బు రావాలన్నా తలుపు తీసి ఉన్నట్టే.

టార్పాలిన్ ఊడదీశాం. పడమటి వైపు మాత్రం తడి గోనెపట్టా కట్టాం. తడిసిన పొట్టు ఎత్తేసి పొడి పొట్టు పరిచాం. నీళ్ల పెంకు వేపచెట్టు నీడకు మారింది. అరగడానికీ ఒంట్లో వేడి పుడుతుంది కనుక నూకలు, జొన్నలు పొద్దున చల్లటివేళ, మళ్లీ పొద్దుగూకాక. నల్లపెట్టను వేరే గంప కింద పెట్టి, డాక్టరు చెప్పిన కొలతకు మందు నీళ్లు ఇచ్చాం. ఎండలో కోడి రెట్టింపు నీళ్లు తాగుతుంది, మందూ రెట్టింపు లోపలికి పోతుంది, కాబట్టి ఆ కొలత డాక్టరు చెప్పాల్సిందే తప్ప అరుగు మీద తేలేది కాదు. గురగుర తగ్గింది కదా అని మధ్యలో ఆపకూడదన్నాడు. తగ్గినా ఆ జీవి ఒంట్లో దాక్కునే ఉంటుంది, గుడ్డు ద్వారా పిల్లలకూ పోతుంది, కాబట్టి ఈ పెట్టను పొదగెయ్యొద్దన్నాడు. చివరికి ఒక మాట: "మందు ఆపినంక కూడా సీసా మీద రాసినన్ని రోజులు గుడ్డు గానీ కూర గానీ ముట్టొద్దు."

ఆ మాట మా అమ్మ చెవిలో పడ్డ తీరు చూడాల్సింది. పురాణంలో వరం దొరికినవాళ్ల మొహం అలాగే వెలిగి ఉంటుంది.

నల్లపెట్ట కోలుకుంది, గడువూ దాటింది. ఖాళీ సీసా మాత్రం కిటికీలోంచి కదల్లేదు. గేటు చప్పుడై బావమరిది గొంతు వినిపిస్తే చాలు, అమ్మ దాన్ని తీసి వెలుతురులో పైకి పట్టి చూస్తుంది: "ఇంకా మందు మీదనే ఉంది బిడ్డా, తినొద్దన్నరు. పప్పు జేస్తా, కూసో."

మొన్న వాడు ఉండబట్టలేక అడిగేశాడు. "గదేం రోగం అత్తమ్మా, నేనొచ్చినప్పుడే వస్తది దానికి?"

"ఎండాకాలం గద బిడ్డా" అంది అమ్మ. "సుట్టాలు గుడ గప్పుడే ఎక్కువొస్తరు."