గోడకుర్చీకి కో-పే

డెన్వర్‌లో జనవరి నుంచి మార్చి దాకా ఎవరైనా సోమవారం పొద్దున ఆఫీసుకి కుంటుకుంటూ వస్తే "ఏమైంది?" అని అడగరు. "ఏ కొండ?" అని అడుగుతారు. కొండ పేరు చెప్పగానే "ఓహో" అని తల ఊపి, కాఫీ మిషను దగ్గర దారి ఇస్తారు. అదే మనిషి జులైలో కుంటితే వయసు మీద పడిందంటారు. నా ఎడమ మోకాలు ఫిబ్రవరిలో పట్టేసింది గనక పరువు దక్కింది.

డబ్బు దక్కలేదు. ఇక్కడి ఆరోగ్య బీమాల్లో చాలావాటికి డిడక్టబుల్, అంటే బీమా కంపెనీవాడి కంటే ముందు మనం కట్టాల్సిన మొత్తం, లెక్క జనవరి ఒకటిన మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఏడాదంతా కట్టి కట్టి, అది కాస్తా తీరి, ఇక ఏ ఎముక విరిగినా కంపెనీవాడే చూసుకుంటాడని ధీమా వచ్చే డిసెంబరు నాటికి కొండ మీద మంచు ఇంకా పలచగానే ఉంటుంది. దిట్టంగా పడేసరికి మొదటి డాలరు నుంచీ మన జేబే. స్కీయింగుకీ బీమాకీ కలిపి ముహూర్తం పెట్టిన పంతులెవరో గాని, మనమంటే గిట్టనివాడే.

ఎలా పడ్డావని అడిగేవాళ్ళ కోసం నా దగ్గర రెండు కథలున్నాయి. ఆఫీసు కథలో నీలం చదరం గుర్తున్న వాలు ఉంటుంది, గడ్డకట్టిన మలుపు ఉంటుంది, వేగం ఉంటుంది. తణుకులో ఉన్న మా అమ్మకి చెప్పిన కథలో మెట్లు మాత్రమే ఉంటాయి. జరిగింది ఈ రెండూ కాదు. వాలు దిగడం అయిపోయింది, లిఫ్టు క్యూ దాకా వచ్చేశాను, దాదాపు ఆగిపోయాను కూడా. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇక్కడ మొట్టమొదట చెప్పే పాఠం పిజ్జా. ముందు కొనలు రెండూ దగ్గరికి, మడమలు దూరంగా, స్కీలు పిజ్జా ముక్క ఆకారంలో పెడితే వేగం తగ్గుతుంది. అలా పెట్టినంతసేపూ మోకాళ్ళు లోపలికి వంగి, లోపలివైపు లిగమెంటు మీద లాగుడు పడుతూనే ఉంటుంది. పొద్దున్నించి నేను ఆ పిజ్జాలోనే ఉన్నాను. ఒక స్కీ లోపలి అంచు మంచులో దిగి ఆగింది. రెండోది ఆగలేదు. నేను నా ఎడమ మడమ పక్కన కూలబడ్డాను. ఎంత నెమ్మదిగా అంటే, నేను పడేలోగా మా ఆవిడ "ఏవండీ, చూసుకోండి, మీరు పడిపోతున్నారు" అని మొత్తం వాక్యం చెప్పగలిగింది.

మోకాలి లోపల ఎక్కడో టిక్కుమంది. చేతిలో కర్రలు కూడా లేకుండా జారిపోతున్న, అయిదేళ్ళు నిండాయో లేదో తెలియని ఒక పిల్ల ఆగి "బాగానే ఉన్నావా?" అని అడిగి, జవాబు వినకుండా పోయింది.

పడితే స్కీ దానంతటదే ఊడిపోతుంది కదా అంటారు తెలిసినవాళ్ళు. ఊడుతుంది. బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగుకి ఒక బిగింపు అంకె ఉంటుంది. మన బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత దూకుడుగా పోతామన్నది చూసి అద్దె షాపువాడు దాన్ని అమరుస్తాడు. తెలుగు సంసారాలకి ఇబ్బంది వచ్చేది బరువు గడి దగ్గర. మొగుడు 170 పౌండ్లని రాస్తాడు. పెళ్ళాం పక్కనుంచి తొంగి చూసి "ఎప్పుడు, మన పెళ్ళినాటికా?" అంటుంది. యాభై నిండితే బిగింపు ఒక మెట్టు తగ్గిస్తారు గనక జుట్టుకి రంగు వేసుకున్నవాళ్ళు కూడా ఆ ఫారంలో మాత్రం నిజమే రాయాలి. ఇంత చేసినా బైండింగు ముఖ్యంగా కాపాడేది మోకాలి కింది ఎముకని. అది బాగుపడిన కొద్దీ ఆ ఎముకలు విరగడం బాగా తగ్గింది. మోకాలి లిగమెంట్ల సంగతి దానికి అంతగా పట్టదు. పైగా నాలాగా నిదానంగా, మెలి తిరుగుతూ కూలబడేవాణ్ణి అది పడ్డవాడి కింద లెక్కే వేయదు.

పడటం గురించి తీరిగ్గా ఆలోచించినవాళ్ళూ ఉన్నారు. కార్ల్ ఎట్లింగర్, రాబర్ట్ జాన్సన్, జాస్పర్ షీలీ అని ముగ్గురు, జనం పడుతున్న వీడియోలు పెట్టుకుని మళ్ళీమళ్ళీ చూశారు. వెనక్కి కూలబడి, తుంటి మోకాలి కంటే కిందికి దిగి, బరువంతా ఒక స్కీ లోపలి అంచు మీద పడితే, ఆ స్కీ తోక మోకాలిని మెలిపెడుతుందని తేల్చారు. కొండ మీద పనిచేసే స్కీ పట్రోల్ వాళ్ళకీ పంతుళ్ళకీ ఈ సంగతి నేర్పితే వాళ్ళలో పెద్ద మోకాలి గాయాలు 62 శాతం తగ్గాయని 1995లో ప్రచురించారు. వాళ్ళు చెప్పేదాంట్లో ముఖ్యమైన మాట ఒకటుంది: జారడం పూర్తిగా ఆగేదాకా లేవబోవద్దు. ఇది మనవాళ్ళకి చచ్చినా చేతకాదు. పడ్డవాడు ముందు చూసుకునేది మోకాలు కాదు, ఎవరైనా చూశారేమోనని నాలుగు దిక్కులూ. ఆ చూసేలోగానే లేచి, ప్యాంటు దులుపుకుని, అక్కడ కూర్చోవాలనే కూర్చున్నట్టు మొహం పెట్టాలి. పరువుకీ లిగమెంటుకీ పోటీ పెడితే మనం ఏ పక్షమో చెప్పక్కర్లేదు.

తిరుగు ప్రయాణం ఐ-70 హైవే మీద. ఆదివారం సాయంత్రం కొండల్లోంచి డెన్వర్ వైపు పోయే కార్లన్నీ ఐసెన్‌హవర్ సొరంగం ముందు బారులు తీరతాయి. ఆ సొరంగం పదకొండు వేల అడుగుల పైన ఉంది. అంత ఎత్తున, కదలని కారులో, మడిచిన మోకాలితో కూర్చున్నాను. కారు మా ఆవిడ నడిపింది. మాట్లాడింది కూడా ఆవిడే. అలా మోకాలు మడిచి చాలాసేపు కూర్చుంటే చిప్ప వెనక వచ్చే నొప్పిని డాక్టర్లు థియేటర్ సైన్ అంటారు, సినిమా హాల్లో కూర్చున్నవాళ్ళకి వస్తుంది గనక. ఆ పేరు పెట్టినవాళ్ళు చూసినవి మహా అయితే రెండు గంటల సినిమాలై ఉంటాయి. పుష్ప-2 నిడివి మూడు గంటల ఇరవై నిమిషాలు. దానికి వాళ్ళు ఏం పేరు పెట్టేవారో.

ఇంటికి చేరాక ఇంకో సంగతి తెలిసింది. ఇలాంటి మోకాలికి మెట్లు ఎక్కడం కంటే దిగడమే కష్టం. మాకు పడకగదులు పైన, బట్టలుతికే మిషను బేస్‌మెంటులో. కొన్నాళ్ళు నేను రైలింగు పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కో మెట్టూ దిగాను. అలా దిగేవాడికి ఉతికిన బట్టల బుట్ట ఇవ్వరు. మోకాలి వల్ల ఇంట్లో జరిగిన మేలు అదొక్కటే.

మెట్ల కథ తణుకులో నాలుగు రోజులైనా నిలవలేదు. మా చిన్నాడు వీడియో కాల్లో "నానమ్మా, నాన్న మంచులో పడ్డాడు, నేను పడలేదు" అని చెప్పేశాడు.

"డబ్బులిచ్చి జారావురా?" అంది అమ్మ. "వానాకాలం మన పెరట్లో ఊరికే జారేవాడివి కదరా."

తర్వాత విచారణ వైద్యం మీదికి మళ్ళింది. ఐసు పెడుతున్నానంటే గుండెలు బాదుకుంది. ఐసు వాతమట. వావిలాకు వేసి నీళ్ళు కాచి కాపడం పెట్టమంది. డెన్వర్‌లో ఫిబ్రవరిలో వావిలాకు! అసలు ఐసు మాట పాకింది గేబ్ మిర్కిన్ అనే డాక్టరు 1978లో రాసిన పుస్తకం నుంచి: విశ్రాంతి, ఐసు, బిగించి కట్టు, కాలు ఎత్తున పెట్టడం. ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని 2014లో ఆయనే తన మాట సవరించుకున్నాడు. ఈ ముక్క మా ఆవిడ అత్తగారికి చేరేసింది. "ముప్ఫై ఆరేళ్ళు పట్టిందా ఆయనకి?" అంది అమ్మ, జాలిగా. నా మట్టుకు నేను మొదట్లో నొప్పి తట్టుకోలేక ఐసు, తర్వాత అమ్మ పోరు తట్టుకోలేక కాపడం పెట్టాను. మోకాలు ఏ పక్షమూ వహించలేదు.

డాక్టరు ఎమ్మారై ఊసెత్తలేదు. బల్ల మీద పడుకోబెట్టి, ఒక చెయ్యి మోకాలి బయటివైపు, ఇంకో చెయ్యి చీలమండ దగ్గర పెట్టి, మోకాలిని లోపలికి తోసి చూశాడు. తర్వాత బొటనవేలితో లోపలివైపు కీలు వెంబడి నొక్కుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు. నేను ఆగలేదు, బల్ల మీంచి జానెడు లేచాను. "దొరికింది" అన్నాడు సంతోషంగా. లోపలి లిగమెంటు సాగింది గాని తెగలేదు, మొదటి గ్రేడు, కొద్ది వారాల్లో అదే మానుతుంది, తొడ కండరాల్లో బలం లేక చిప్ప కూడా సణుగుతోంది, ఫిజియోథెరపీకి వెళ్ళు. అంతే.

స్నేహితులకి ఇది ఆనలేదు. "ఎమ్మారై తీయలేదా? అదేం డాక్టరు?" అన్నారు. లిగమెంటు తెగలేదనేసరికి పరామర్శకి వచ్చినవాళ్ళు కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచారు. మా బావమరిది హైదరాబాదు నుంచి ఫోను చేసి "బావా, టికెట్టు కొనుక్కుని ఇక్కడికొచ్చెయ్యి. ఎమ్మారై తీయించుకుని, బిర్యానీ తిని వెళ్ళినా అక్కడికంటే చవకే" అన్నాడు. లెక్క వేస్తే ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఇరవై పైచిలుకు గంటలు విమానంలో మడిచిన మోకాలితో కూర్చోవడానికి డాక్టర్లు ఇంకా ఏ సైనూ కనిపెట్టలేదు.

ఆ రోజుల్లోనే ఒక మిత్రుడి గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. బాసింపట్టు వేసి కూర్చునే పరిస్థితి లేదు. ఇలాంటి చోట వెనక గోడ వారగా ఒక కుర్చీల వరస ఉంటుంది, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల కోసం. వెళ్ళి అందులో కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన వంగి గుసగుసగా అడిగారు.

"ఒకటా, రెండూనా?"

"ఒకటేనండీ. ఎడమది."

"ఎక్కడ చేయించావు బాబూ?"

"చేయించలేదండీ. స్కీయింగులో బెణికింది."

"ఓస్, బెణుకా," అని అటు తిరిగారు. ఆయనకి రెండూ మార్పిడి అయినవే. ఆఫీసులో కాఫీ మిషను దగ్గర దారి ఇచ్చిన మోకాలికి ఇక్కడ కుర్చీ కూడా దండగ అన్నట్టు చూశారు. ఆ వరసలో హోదా మార్చిన మోకాళ్ళ లెక్కన వస్తుంది. నిలదొక్కుకోవాలని, రెండో కథకీ మూడో కథకీ మధ్య, స్కీ రేసర్ లిండ్సే వాన్ సంగతి ఎత్తాను. 2013లో ష్లాడ్మింగ్‌లో పడి కుడి మోకాలి లిగమెంట్లు తెంచుకున్న అమ్మాయి, 2019లో రిటైరైంది, 2024లో ఆ మోకాల్లో కొంత భాగం టైటానియంతో మార్పించుకుంది, మళ్ళీ పోటీలకొచ్చి 2025 మార్చిలో, నలభయ్యేళ్ళ వయసులో, ప్రపంచ కప్పు రేసులో రెండో స్థానం కొట్టింది అన్నాను.

పెద్దాయన కళ్ళు మెరిశాయి. "అయితే మేమూ ఎక్కొచ్చన్నమాట."

"ముందు ఆ పైగదికి ఎక్కండి చాలు," అన్నారు ఆ పక్క కుర్చీలోంచి ఆయన భార్య. కథ అయిపోయి ప్రసాదం వచ్చేదాకా ముగ్గురం మాట్లాడుకోలేదు.

ఇక ఫిజియోథెరపీ. చేసే అమ్మాయికి పాతికేళ్ళుంటాయి. మొదట్లో చేయించినవి మర్యాదస్తుల పనులు. తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టుకుని, తొడ బిగించి దాన్ని నొక్కడం, అయిదు లెక్కపెట్టి వదలడం. నొప్పి కాస్త సద్దుమణిగాక ఒకరోజు గోడ దగ్గరికి తీసుకెళ్ళింది. వీపు గోడకి ఆనించి, పాదాలు ముందుకి జరిపి, లేని కుర్చీలో కూర్చున్నట్టు జారి అక్కడే ఉండమంది. "దీన్ని వాల్ సిట్ అంటారు" అని పరిచయం చేసింది.

మాకు పరిచయం ఏడో తరగతిలోనే అయింది. ఎక్కాలు తప్పినవాళ్ళకి మా హైస్కూల్లో గోడకుర్చీ వేయించేవారు లెక్కల మాస్టారు. ఆ మాస్టారు ఇంటికొస్తే మా నాన్నగారు. అందుచేత నా గోడకుర్చీ నిర్దుష్టంగా ఉంటుంది. ఫిజియో అమ్మాయి ముచ్చటపడి "ఇంతకు ముందు చేశారా?" అంది. చాలా ఏళ్ళ శిక్షణ అన్నాను. తర్వాతి విడతలో గుంజీళ్ళు వచ్చాయి, చెవులు పట్టుకోనక్కర్లేదు, అంతే తేడా. ఆ పైన ఒంటికాలి మీద నిలబడటం. ఆఖరికి ఒక పెట్టె తెచ్చి దాని మీదికి ఎక్కి, నెమ్మదిగా దిగమంది. అది బెంచీ ఎక్కించడమని ఆవిడకి తెలియదు. తొడ కండరం గట్టిపడితే మోకాలి భారం అది మోస్తుందని, కొండ దిగేటప్పుడు బ్రేకు వేసేది కూడా అదేనని బొమ్మ గీసి చెప్పింది. మాస్టారు బొమ్మ గీయలేదు గాని ఫలితం అదే. వెళ్ళిన ప్రతిసారీ బీమా పోను నా వంతు నలభై డాలర్ల కో-పే.

"గోడకుర్చీకి డబ్బు కడుతున్నావా!" అంది అమ్మ. రూపాయల్లోకి మార్చుకుని కాసేపు మాట్లాడలేదు. "మీ నాన్న ముప్ఫై ఏళ్ళు ఊరికే వేయించారు కదరా."

ఆ మాటతోనే ఆవిడకి ఇంకోటి తోచింది. నాన్నగారికి మోకాళ్ళు అరిగి చాలాకాలమైంది. అరుగుదలకి కూడా ముందు చేయాల్సింది వ్యాయామమేనని తణుకు డాక్టరు చెప్తూనే ఉన్నారు, ఈయన బామ్ రాసుకుని పేపరు చదువుతూనే ఉన్నారు. "నువ్వు చేయించు" అని అమ్మ హుకుం. ఇప్పుడు వాళ్ళకి పొద్దున, నాకు రాత్రి, అమ్మ ఫోను పట్టుకుంటుంది, నేను అంకెలు లెక్కపెడతాను. పక్కన పట్టుకోడానికి కుర్చీ, మోకాళ్ళు కొద్దిగా వంగితే చాలు.

"నాన్నగారూ, వీపు గోడకి ఆనలేదండీ."

"ఆనిందిలేరా."

"అమ్మా, పక్కనుంచి చూపించు. ఆనలేదు నాన్నగారూ. ఆఁ, అలా. ఒకటి, రెండు..."

నేను పన్నెండు దగ్గర ఉండగా ఆయన "ఇరవై" అని లేచిపోయారు. లెక్కల మాస్టారు! మళ్ళీ ఒకటి నుంచి అన్నాను. ఆయన గోడ దగ్గరికి వెళ్ళలేదు. కెమెరాకేసి చిటికెన వేలు చూపించారు.

"వెళ్ళి వెంటనే రావాలి" అన్నాను.

వెళ్ళినాయన పెరటి తలుపు తీసుకుని, చెప్పులేసుకుని, అటునుంచి అటే బజారు దారి పట్టారు. అమ్మ ఫోను కిటికీ వైపు తిప్పి చూపించింది.

"నీ వైద్యం గుణం ఇచ్చిందిరా," అంది. "పరిగెడుతున్నారు."