మూడు కాళ్ల కుందేలుకి నూటికి నూరు

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లని మొండికేయడం పాత పద్ధతి. అందులో పట్టుకునే శ్రమ ఉంది, ఎవరైనా లెక్కపెడతారేమోనన్న బెరుకూ ఉంది. ఇప్పుడా బాధల్లేవు. మూడు కాళ్ల కుందేలుని కంప్యూటర్లోనే తయారుచేసి, కాళ్లు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ముందు పెడితే సరి. అది ‘మూడు’ అంటుంది. చప్పట్లు!

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పాప్ స్మియర్ పరీక్ష సంగతే చూడండి. దాని స్లైడ్లు చదివే సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడానికి కంప్యూటర్ గీసిన కణాలు ఎంత బుద్ధిమంతులో! ఒకదానిమీద ఒకటి పడినా లెక్కప్రకారమే పడతాయి. 2014లో బీజింగ్‌లో జరిగిన ఐఎస్‌బీఐ అనే వైద్య చిత్రాల సదస్సు పోటీకి ఇచ్చిన బొమ్మల్లో కృత్రిమమైనవి 945, అసలువి 16. నిర్వాహకులు దాచిందేమీ లేదు. వాళ్లు అడిగింది కణాల హద్దులు గీయమనే, క్యాన్సర్ తేల్చమని కాదు. తయారుచేసిన బొమ్మలో ప్రతి కణం అంచూ ముందే తెలుసు గనక ఆ పనికి అది భేషుగ్గా పనికొస్తుంది. చిక్కల్లా, హద్దు గీసి నెగ్గినవాడు ప్రాణాలు కాపాడేశానని చాటింపు వేసుకున్నప్పుడే.

అసలు స్లైడు వేరు. చెక్కపుల్లతో గీకి తీసింది గాజుపలక మీద రాస్తారు. స్పిరిట్‌లో ముంచడం కాస్త ఆలస్యమైందా, కణాలు ఎండి ఉబ్బుతాయి, కేంద్రకాలు అలుక్కుపోతాయి. పైన జిగురు, నెత్తురు, గుంపులు గుంపులుగా తెల్లకణాలు. రంగు ఈ ల్యాబులో ముదురు, ఆ ల్యాబులో వెలవెల. వేలాది మామూలు కణాల మధ్య అనుమానించాల్సినవి ఏ మూలో నాలుగు. 1950ల్లో అమెరికాలో సైటోఎనలైజర్ అనే యంత్రం ఈ చెత్త దగ్గరే బోల్తాపడింది. ముద్దకట్టిన తెల్లకణాల్ని చూసి క్యాన్సరంటూ ఊరికే గగ్గోలు పెట్టింది. కొత్త తరం ఆ పాఠం బాగా ఒంటబట్టించుకుంది: చెత్తని గుర్తుపట్టడం కష్టం గనక బొమ్మలోంచి చెత్తనే తీసేసింది! కొందరు చెత్త కూడా గీస్తారనుకోండి. అదీ వాళ్లెరిగిన చెత్తే.

అంత నమ్మకమే ఉంటే, ఏదైనా జిల్లా ఆసుపత్రికి సోమవారం పొద్దున వచ్చిన స్లైడ్లన్నీ, రంగు సరిగా పట్టనివాటినీ ఏరెయ్యకుండా, యంత్రానికి ఇవ్వండి. ఎన్ని క్యాన్సర్లు వదిలేసిందో, ఎంతమందిని ఉత్తపుణ్యానికి భయపెట్టిందో, ఆ రెండంకెలూ బొమ్మల మార్కులకన్నా పెద్ద అక్షరాల్లో వేయండి. కుదరదంటే ఆ యంత్రాన్ని కంప్యూటర్ గీసిన రోగులకే అమ్ముకోవచ్చు. వాళ్లెవరూ వినియోగదారుల కోర్టుకి వెళ్లరు.