జర దించు: సటీకాతాత్పర్యము

మూలము

తమ్మీ, దొడ్డు తీగ జర దించు... ఇంక జర... ఆఁ, బస్.

అవతారిక

1956వ సంవత్సరమున హైదరాబాదు రాష్ట్రము మూడు ముక్కలైనప్పుడు చాలభాగము మైసూరు పాలైనదియు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒక్క అంగడిలోనే బేరమాడుకొనునదియు నగు బీదరు సీమయందు, మన్నళ్ళి యను గ్రామమున, ఒక యరుగుపై గిటారు పట్టిన తమ్మునితో అన్న పలికిన వాక్యమిది. భాష్యకారు లెవ్వరును దీనిని స్పృశింపకుండుట శోచనీయము గనుక మేమీ పనికి పూనుకొంటిమి.

టీక

తమ్మీ = ఓ యనుజుడా; దొడ్డు తీగ = ఆఱు తంతులలో స్థూలమైనదియు, సెకనుకు సుమారు 82 మారులు కంపించునదియు నగు ఆఱవ తంతిని; జర = ఇంచుక; దించు = బిరడ సడలించి శ్రుతి తగ్గింపుము; ఇంక జర = మఱియు నించుక; ఆఁ = అంగీకారసూచకము; బస్ = అలం, చాలును.

‘జర’ యనగా వార్ధక్యమని కొందఱు సంస్కృతాభిమానులు. తుప్పు పట్టిన ముదితీగకు శ్రుతి కుదురదు గావున ఆ యర్థమును బొత్తిగా త్రోసిపుచ్చరాదు గాని, ముసలితనమును దించుట యెట్లో వారు చెప్పలేదు.

తాత్పర్యము

ఆఱవ తంతిని సెకనుకు సుమారు 73 కంపనముల వఱకు, అనగా ఒక పూర్తి స్వరము దించి, నాల్గవ తంతికి సరిగా క్రింది స్థాయిలో నిలుపుమని యాజ్ఞ. ఎంత దింపవలెనో ‘జర’ చెప్పదు, చెవి చెప్పును. రెండు తంతులను గూడ మీటినప్పుడు అవి యింకను కలియనిచో నాదమునందొక యూపు వినవచ్చును. బిరడ తిరుగుకొలదిని ఆ యూపు మందగించి, మందగించి, యొకానొక క్షణమున నణగిపోవును. మూలమందలి విరామములు ఆ మందగింపునకై వేచిన కాలము. ‘ఆఁ’ యనునది ఊపు నిలిచిన క్షణము. దింపుట మితిమీఱినచో మఱికొంత దించి, పైకి తెచ్చి నిలుపవలెను. క్రిందినుండి బిగియుచు వచ్చిన తీగయే నిలుకడగా నుండును. ఇది మూలమున లేదు, అన్న చేతితో చూపెను.

విశేషములు

పిమ్మట ఒకటవ, రెండవ తంతులను గూడ ఒక్కొక్క స్వరము దింపించెను. అంతట ఆఱును వరుసగా స ప స మ ప స అయ్యెను. 1960ల తొలినాళ్ళలో డేవీ గ్రేహమ్ అను బ్రిటిష్ వాదకుడు మొరాకో ఊద్ వాద్యగాండ్రను విని ఈ శ్రుతిని ప్రచారమునకు దెచ్చెనందురు. ఇందు గాంధారము లేనందున సంతోషమో విషాదమో తేలకున్నదని పాశ్చాత్యులు విస్తుపోదురు. మన తంబురకు గాంధారతంతి యెన్నడుండెను? పంచమము వర్జ్యమైన రాగము వచ్చినప్పుడు పంచమతంతిని మధ్యమమునకు దించుకొనువారికి ఆ రెండును ఒక్కచోటనే దొరకుట లాభమే.

పుట్టుశ్రుతిని చెఱచుట దోషము గాదా యందురేని, 1969లో పాలకొల్లున జన్మించిన మాండొలిన్ శ్రీనివాస్ నాలుగు జంటతీగల వాద్యమును అయిదు ఒంటితీగల దానిగా మార్చుకొనియే కదా కర్ణాటక సంగీతమును పలికించెను.

చిక్కెల్ల గాంధారముతోనే. హవాయి ద్వీపవాసులు తీగలు సడలించి ప స ప స గ ప యని నిలుపుకొందురు. అందు రెండవ తంతిని చెవి కింపగునట్లు సవరించినచో షడ్జమునకు 5:4 నిష్పత్తి గల గాంధారము వచ్చును. మెట్లు చెప్పు గాంధారమో, అర్ధస్వరమును నూఱు పాళ్ళు చేసినచో, అంతకంటె 14 పాళ్ళు హెచ్చు. ఉత్త తీగ మీటినంతకాలము మాధుర్యమే. ఆ తీగమీదనే మొదటి మెట్టు నదిమి మధ్యమము పలికించితిమా, అదియు నంతమేర తగ్గి తక్కిన తీగలతో తగవు పెట్టుకొనును. బ్రిజ్ భూషణ్ కాబ్రా వలె గిటారును ఒడిలో పరుండబెట్టి కడ్డీ జార్చువారికి మెట్ల బాధయే లేదు.

మన్నళ్ళి యన్నకు కడ్డీ లేదు. తమ్ముని గిటారును ఈ హవాయి శ్రుతికి మార్పించినప్పుడు అతడు చెవిపక్షమే వహించి, రెండవ తీగ మొదటి మెట్టు జోలికి పోవలదని తమ్మునకు విధించెను. ఫోనులోని ట్యూనరు మాత్రము ఆ తీగకు పచ్చరంగు చూపదయ్యెను. ‘అన్నా, తప్పని చూపిస్తున్నది’ అని తమ్ముడు. ‘దానికి చెవులున్నయా?’ అని అన్న. సుబోధము గనుక దీనికి టీక వ్రాయలేదు.