నింద నాకు, చిలుము తీగకు

చలికాలంలో బండి కదలకపోతే మొదటి తిట్టు నాకే. హీటర్ ప్లగ్గు మాడిపోయినా, డీజిల్ పైపులో గాలి చేరినా పంచాయితీ మాత్రం "బేటరీ పోనాది" అన్న మాటతోనే మొదలవుతుంది. లంబసింగిలో ఒక డీజిల్ జీపు బోనెట్టు కింద కాపురముంటున్న పన్నెండు ఓల్టుల బ్యాటరీని నేను. నా తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

మాది పాత వంశమే. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసం రేకుల్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి మా మూలపురుషుణ్ణి పుట్టించాడు. అప్పటికి మోటారు కార్లే లేవు. చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన కరెంటు సెల్ఫ్ 1912 క్యాడిలాక్ కార్లకి వచ్చాక, ముందు నిలబడి హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ మనుషులకి తప్పింది. ఆ చాకిరీ మా నెత్తిన పడింది.

నర్సీపట్నం నుంచి ఘాటెక్కితే మా ఊరు. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో చలి సున్నా దగ్గరికి దిగుతుంది. చెరువులవేనం కొండ మీద మంచు చూడాలని మైదానం నుంచి జనం దిగబడేదీ అప్పుడే. వాళ్లకి సరదా, నాకు గండం. ఆ చలికి నా లోపలి రసాయనాలు బద్ధకిస్తాయి, సెల్ఫ్‌ని తిప్పే సత్తాలో మూడో వంతు దాకా హరించుకుపోతుంది. ఇంజిన్ ఆయిలేమో చిక్కబడి, తిప్పడానికి మామూలు కంటే ఎక్కువ కరెంటు అడుగుతుంది. ఇంట్లో గింజలు నిండుకున్న రోజే చుట్టాలు దిగినట్టు!

ఆ రోజు ఇంకా తెల్లారలేదు. దుప్పట్లు కప్పుకున్న టూరిస్టులు వెనక సీట్లలో ఇరుక్కుని కూర్చున్నారు. డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజిను ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు, అదే మూలుగు. దిగి బోనెట్టెత్తి నాకేసి కొరకొరా చూశాడు. కాసేపటికి మంకీ క్యాపు పెట్టుకుని ఎలక్ట్రీషియన్ వచ్చాడు.

"మేస్త్రీ, బేటరీ సచ్చిపోనాది. కొత్తది ఎక్కించేద్దారా?"

"ఆగరా బాబూ. తాళం తిప్పితే ఏటి సప్పుడొచ్చింది, ముందది సెప్పు."

ఆ ప్రశ్నతోనే ఆయన మీద నాకు గురి కుదిరింది. టకటకటక మంటూ ఆగకుండా కొట్టుకుంటే చాలావరకు తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే సెల్ఫ్‌నో కనెక్షన్లనో చూడాలి. ఇంజిను చులాగ్గా తిరుగుతూ కూడా అంటుకోకపోతే నా జోలికే రానక్కర్లేదు.

వచ్చింది ఇవేవీ కాదు, మూలుగు. అందుకే మీటరు పెట్టి చూశాడు. 12.5. నిండా ఛార్జి ఉంటే 12.6 చూపిస్తాను కాబట్టి లోటేమీ లేదు. కానీ ఖాళీగా కూర్చున్నప్పుడు చూపించే అంకెని నమ్మకూడదు, మోత మోసేటప్పుడు చూడాలి. "సెల్ఫ్ కొట్టు" అన్నాడు మేస్త్రీ. 11.6 దగ్గర నిలబడ్డాను. నాలో జబ్బుంటే 9.6 కంటే కిందికి జారిపోయేదాన్ని.

"దీనికేటీ అవ్వలేదురా. మద్దిలో ఎవుడో తినేస్తన్నాడు."

మీటరు తీగ ఒకటి నా నెగెటివ్ కొమ్ము మీద, రెండోది ఇంజిన్ ఇనుము మీద ఆనించి మళ్లీ తిప్పించాడు. ఆ దారిలో అర ఓల్టు కూడా పోకూడదు. రెండు ఓల్టుల పైనే పోతోంది! ఎర్త్ కేబుల్ బోల్టు విప్పితే కింద పచ్చటి చిలుము, పొరలు పొరలుగా. పైనుంచి చూస్తే శుభ్రంగా, బిగుతుగానే ఉంది మరి. ఎమరీ కాగితంతో రుద్ది, లోహం తళుక్కుమన్నాక బిగించి, పైన వాసెలిన్ పూశాడు.

ఈసారి ఇంజిను గిర్రున తిరిగింది. అంటుకోలేదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ. అంటే డీజిల్ అందుతోంది, మండటం లేదు. డీజిల్ ఇంజినులో నిప్పురవ్వ ఉండదు. గాలిని ఇరవయ్యో వంతుకి నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లబడ్డ ఇనుము ఆ వేడిని మింగేస్తుంది. అందుకే మా జీపు లాంటి వాటిల్లో ముందుగా కాచడానికి హీటర్ ప్లగ్గులుంటాయి. మేస్త్రీ వాటి మీది పట్టీ విప్పి, టెస్ట్ ల్యాంపు ఒక కొస నా పాజిటివ్‌కి తగిలించి, రెండో కొస ఒక్కో ప్లగ్గుకీ ముట్టించాడు. నాలుగింటిలో రెండింటి దగ్గర దీపం వెలగలేదు. సంచిలోంచి తీసి కొత్తవి బిగించాడు. తాళం సగం తిప్పి కాసేపు ఆగమన్నాడు. (మా డ్రైవరుకి ఆ ఆగడమే చేతకాదు.) తర్వాత పూర్తిగా తిప్పగానే జీపు ఒక్క ఊపు ఊగి అందుకుంది. వెనక టూరిస్టులు ఈలలు వేశారు.

"ఇంజిన్ ఆపేసి పాటలెట్టకు. ఈ సిన్న సిన్న ట్రిప్పులకి దీనికి ఛార్జి ఎక్కడెక్కుద్ది?" అని మందలించి, డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు మేస్త్రీ.

డ్రైవరు సరేనని తలూపాడు. ఆ సాయంత్రం నర్సీపట్నం దిగినప్పుడు మాత్రం బ్యాటరీల కొట్టు ముందే బండాపాడు. కొత్త బ్యాటరీ ఎంతని అడిగాడు. పాతది ఇచ్చేస్తే ఎంత తగ్గిస్తారని కూడా అడిగాడు.