మధ్యమావతి మ్యూజిక్ డైరెక్టరు

బద్వేలు నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి "మ్యూజిక్ డైరెక్టరు ఇల్లు యాడన్నా?" అంటే ఎవరూ పేరు అడగరు. టీ కొట్టాయన చేత్తోనే సందు చూపిస్తాడు. "ఏ సినిమాకు చేసినాడు?" అని అడిగితే మాత్రం ఉన్నట్టుండి ఆయనకు గ్లాసులు కడిగే పని గుర్తొస్తుంది.

ఇలాంటాయన మా ఊళ్ళోనే ఉన్నాడనుకోవద్దు. పోరుమామిళ్ళలో ఉంటాడు, మైదుకూరులో ఉంటాడు, మీ ఊళ్ళోనూ ఉంటాడు. గుర్తు పట్టడం సులభం. నలభై దాటిన వయసు, మెడలో హెడ్‌ఫోను, జేబులో పెన్‌డ్రైవు, నాలుక మీద "వచ్చే నెల". వచ్చే నెల సిట్టింగు, వచ్చే నెల అడ్వాన్సు, వచ్చే నెల హైదరాబాదు. ఆయన క్యాలెండరులో ఈ నెల అనేది ఉండదు.

స్టూడియో మిద్దె మీది రేకుల గది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. తలుపు తీస్తే పక్కింటి కుక్కరు ఈల ట్రాకులో పడుతుంది, మూస్తే ఎండకు ప్రాణం పోతుంది. అందుకే రికార్డింగులన్నీ మబ్బుల్నే, ఊరు లేవకముందే. గది మధ్యలో ఒక పాత కీబోర్డు. దాంట్లో గాంధారం మీట టీ తాగి పడుకుంది, ధైవతం మీటను మేనల్లుడు పీకి ఆడుకున్నాడు. రిపేరుకు కడప పోవాల, పోలేదు. ఫలితంగా ఏ పాట మొదలుపెట్టినా ఆ రెండు స్వరాలను దాటుకుంటూ పోయి మధ్యమావతిలో తేలుతాడు. ఆ రాగంలో గాంధారం, ధైవతం లేవు మరి. "అన్న ముద్ర అది" అంటారు శిష్యులు. కచేరీ ముగించేటప్పుడు మంగళంగా పాడే రాగం మధ్యమావతి. మావాడు దాంతోనే మొదలుపెట్టాడు.

సినిమా అన్నది తన జిల్లా సొత్తని ఆయన నమ్మకం. నమ్మకానికి ఆధారాలూ ఉన్నాయి. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములు కడప జిల్లావాళ్ళే. సింహాద్రిపురం పద్మనాభం సొంత సినిమా తీస్తూ, 1966లో కోదండపాణి సంగీతంలో బాలసుబ్రహ్మణ్యం చేత తొలి సినిమా పాట పాడించాడు. "అంతా మనోళ్ళే బ్బా. మనకు రైలొకటి లేదు, అంతే" అంటాడు. కీర్తి ఆర్టీసీ బస్సెక్కి వస్తోంది కాబట్టి ఆలస్యమవుతోందని లెక్క.

సంగీత దర్శకుల జీవితాలు ఆయనకు కంఠోపాఠం. కాకపోతే అన్నింట్లో మొదటి పేజీయే చదివాడు.

"కీరవాణిగారు మొదట ఒప్పుకున్న సినిమా రిలీజే కాలా, తెలుసా? నాదీ కాలా."

"రెహమాన్ సినిమాలకంటే ముందు ఏం చేసినాడు? యాడ్స్‌కు జింగిల్స్. నేనూ పట్టుచీరల అంగడికి చేసినా గదా."

"చక్రవర్తిగారు మొదట్లో డబ్బింగు చెప్పుకుంటా బతికినాడు. మనమూ మైకులో ఎద్దుల పందేల ప్రకటన చెప్తాండాం."

ఇట్లా మహానుభావుల కష్టాలన్నీ ఆయనకు అక్షరం పొల్లుపోకుండా కలిశాయి. తేడా ఎక్కడొచ్చిందయ్యా అంటే, రెండో పేజీలో. కీరవాణి ఆ చక్రవర్తి దగ్గరే సహాయకుడిగా చేసి, 1990లో 'మనసు మమత'తో తెరకెక్కాడు. ఇళయరాజా జి.కె. వెంకటేశ్ దగ్గర పనిచేశాకే 1976లో 'అన్నకిళి' వచ్చింది. మణిశర్మ ఏళ్ళ తరబడి పెద్దల పాటలకు కీబోర్డు వాయించి, 1998లో 'చూడాలని వుంది' దాకా వచ్చాడు. తమన్ ఇతరుల పాటలకు డ్రమ్ములు వాయించాకే సొంత కుర్చీ ఎక్కాడు. ఈ దారిలో మొదటి మజిలీ ఎవరో ఒకరి కుర్చీ వెనకాలే. మావాడు హైదరాబాదు పోనూ పోయాడు, కృష్ణానగర్‌లో పదకొండు రోజులు ఉన్నాడు. ఎవరో కీబోర్డు ప్రోగ్రామింగుకు మనిషి కావాలన్నారు. పన్నెండో రోజు బద్వేలులో దిగాడు.

"ఏమన్నా, వచ్చేసినావు?"

"ఒకరి కింద చేసే సంగీతం కాదు బ్బా మనది."

దేవిశ్రీప్రసాద్ ఊసెత్తితే మాత్రం ముఖం ముడుచుకుంటుంది. 1999లో, ఇరవై ఏళ్ళు నిండకముందే 'దేవి' చేశాడాయన. "వాళ్ళ నాయన రచయిత, ఇంట్లోనే సినిమా ఉండాది. మా నాయన ఇంట్లో చెనిక్కాయలుండాయి."

టీవీ వాళ్ళు ఒకసారి పిలిచారు. డైలీ సీరియల్ సంగీతం వేరే విద్య. టైటిల్ పాట ఒకటి, ఆ తర్వాత తునకలు: అత్త చూపుకు ఒకటి, కోడలి కన్నీటికి ఒకటి, తలుపు దగ్గర ఎవరో విన్నారనే దానికి ఒకటి. ఒకసారి కట్టినవి వందల ఎపిసోడ్లు మోస్తాయి. ముఖం మూడుసార్లు దగ్గరికొచ్చిన ప్రతిసారీ మూడు దెబ్బలు పడాల. మావాడు అత్త చూపుకు మూడున్నర నిమిషాల తునక పంపాడు, నడుమ వేణువుతో సహా. "అంతసేపు అత్త చూస్తే కోడలు నిద్రపోతుంది సార్" అని జవాబొచ్చింది. కళను అర్థం చేసుకునేవాళ్ళు టీవీలో లేరని ఆయన తీర్పు.

ఎన్నికలొస్తే ఆయన్ను పట్టలేం. వచ్చే నెల అనే మాటే రాదు, అంతా ఈ రాత్రే. ఒక పార్టీవాళ్ళు ముందు గేటులో వస్తే రెండో పార్టీవాళ్ళు వెనక మెట్ల మీద కాచుకుంటారు. ఇద్దరికీ సాహిత్యం వేరు, ట్యూను ఒకటే, మీటలు అవే కాబట్టి. ఒకసారి రెండు ప్రచార బండ్లు నాలుగు రోడ్ల కూడలిలో ఎదురెదురయ్యాయి. కుడి చెవిలో ఒక నాయకుడు, ఎడమ చెవిలో ఇంకొక నాయకుడు, తాళం మాత్రం అతుక్కుపోయింది. జనం నిలబడి విన్నారు. బద్వేలు చూసిన మొదటి స్టీరియో అదే.

ఇంతకీ ఆయన అసలు పెద్ద హిట్టు ఇవేవీ కాదు. ఉల్లిగడ్డల ఆటో. "కర్నూలు ఉల్లిగడ్డలు, కర్నూలు ఉల్లిగడ్డలు" అని మైకులో అరుపు మొదలయ్యే ముందు ఎనిమిది సెకన్ల కీబోర్డు ముక్క వస్తుంది చూడండి, అది మావాడిదే. ఆటో వీధి మలుపులో ఉండగానే ఆడవాళ్ళు చేటలు పట్టుకొని గడపలోకి వస్తారు. బడిపిల్లలు ఈలేస్తారు. మా పక్కింటి ముసలాయనకు చెవుడు, ఆయనా తల ఊపుతాడు. పొద్దున్నే ఊరంతా మధ్యమావతి. ఏ తెర మీదా పేరు పడకుండా ఇంతమంది నోట్లో ఆడే పాట కట్టినవాణ్ణి ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. సంగీత దర్శకుడనే అనాలేమో.

నేను ఊరుకోలేక చట్టం చెప్పాను. 2012లో కాపీరైటు చట్టం మార్చారన్నా, సినిమా పాటయినా సరే, థియేటర్లో సినిమాతో పాటు ఆడటం కాక ఇంకెక్కడ వాడుకున్నా పాట కట్టినోడికీ రాసినోడికీ హక్కులు కొన్నోడితో రాయల్టీలో సమాన వాటా, దాన్ని మనం వద్దని రాసిచ్చినా చెల్లదు, సినిమాలో లేని విడి రికార్డింగులకూ ఇదే లెక్క అని. ఆయన చానాసేపు కళ్ళు మూసుకొని విన్నాడు. లయ దొరికిందేమో, కాలు కూడా ఆడించాడు.

"ఆటోకి గూడా వర్తిస్తాదా బ్బా?"

"ఎందుకు వర్తించదన్నా? నీకేమిచ్చినాడు ఆయప్ప?"

"ఒక బస్తా. పెద్ద గడ్డలే."

మాటల్లోనే కింద సందులో ఆ ఎనిమిది సెకన్లు వినిపించాయి. ఇంట్లోంచి వాళ్ళమ్మ కేకేసింది: "రేయ్, ఉల్లిగడ్డలాయప్ప వచ్చినాడు, రెండు కిలోలు తీస్కరా!" మావాడు హెడ్‌ఫోను తీసి కీబోర్డు మీద పెట్టి, సంచి పట్టుకొని దిగాడు. మిద్దె మీద నుంచి చూశాను. నలుగురాడవాళ్ళ వెనక వరుసలో నిలబడ్డాడు. ఆటో ఆయన తూకం వేస్తూ ఆ ముక్కే కూనిరాగం తీస్తున్నాడు. మావాడు ఉండబట్టలేక "రెండో సంగతి తప్పు పాడతాండావు" అని సరిచేశాడు.

బస్తా అయిపోయి నాలుగేళ్ళయింది. కిలోకు అందరూ ఇచ్చే రేటే ఆయనా ఇచ్చి వచ్చాడు.