అర మీటరు దూరంలో నిలబడే అధికారి గారికి బహిరంగ లేఖ

కాలిఫోర్నియా ఇసుక తిన్నెల్లోనూ అడవి దారుల్లోనూ ఆఫ్ హైవే బండ్ల చప్పుడు కొలిచే ఏలినవారి సముఖానికి,

స్పోర్ట్ క్వాడ్ బైకుకు సైలెన్సర్లు రెండు రకాలు. ఒకటి కంపెనీ బిగించి పంపేది, రెండోది కొన్నవాడు దాన్ని ఊడదీసి ఆ చోట పెట్టుకునేది. మొదటిదాని పని ఏలినవారిని మెప్పించడం. రెండోదాని పని పక్క బండివాణ్ణి నమ్మించడం. ఏ పని ఎంత బాగా జరుగుతోందో తేలాలంటే రెంటినీ విప్పి చూడక తప్పదు.

కంపెనీ సైలెన్సర్ లోపల తిన్నని దారి ఉండదు. అడ్డుగోడలు కట్టిన రెండు మూడు గదులు, వాటిని కలుపుతూ పొట్టి గొట్టాలు. ఇంజను వదిలిన పొగ ఒక గదిలో విచ్చుకుని, వెనక్కి తిరిగి ఇంకో గొట్టంలో దూరి, మరో గదిలో పడి, చివరికి బయటపడుతుంది. మలుపు మలుపుకీ ధ్వని తరంగం కొంత శక్తి పోగొట్టుకుంటుంది. గదుల కొలతలు కుదిరితే తిరిగొచ్చే తరంగం ఎదురొచ్చేదాన్ని కొంత చెరిపేస్తుంది కూడా. కొసన నిప్పురవ్వల్ని ఆపే జాలీ, పైన ఉక్కు తొడుగు. బరువెక్కువ, సొగసు తక్కువ. అయినా ఏళ్ల తరబడి దాని మొహం చూడకపోయినా దాని పని అది చేసుకుపోతుంది. చప్పుడు పరిమితి, 2006 మోడళ్ల నుంచి అమెరికా పర్యావరణ సంస్థ విడతలవారీగా తెచ్చిన పొగ నిబంధనలు, అడవికి నిప్పంటుకునే భయం, తయారీ ఖర్చు, ఇన్నిటికీ లొంగి పుట్టిన వస్తువది. హార్స్‌పవర్ సంగతి వాటన్నిటి తరవాతే.

ఎఫ్‌ఎంఎఫ్, యోషిమురా, హెచ్‌ఎంఎఫ్, ప్రో సర్క్యూట్ లాంటి సంస్థలు అమ్మే సైలెన్సర్ లోపల కథ చిన్నది. ఒళ్లంతా చిల్లులున్న ఒక తిన్నని గొట్టం, దాని చుట్టూ గ్లాస్ ఊల్, పైన అల్యూమినియం డబ్బా. పొగ నేరుగా వెళ్లిపోతుంది, ధ్వని మాత్రం చిల్లుల్లోంచి ఊల్‌లోకి దూరి, పోగుల మధ్య రాపిడికి వేడిగా మారుతుంది. ఈ ఏర్పాటు కీచుమనే చప్పుళ్లను బాగా మింగుతుంది, ఢబఢబలాడే చప్పుళ్లను అంతగా పట్టించుకోదు. వెనక డబ్బా ఒక్కటే మార్చేదాన్ని స్లిప్ ఆన్ అంటారు. ఇంజను తల నుంచి బయల్దేరే బెండ్ పైపుతో సహా మారిస్తే ఫుల్ సిస్టమ్. రెండింట్లోనూ బరువు కిలోల లెక్కన తగ్గుతుంది. బండిని గాల్లోకి లేపే మోటోక్రాస్ రైడరుకు అది నిజమైన లాభం. వారాంతంలో ఐస్ డబ్బా కట్టుకుని తిరిగేవాడికి దాంతో ఒరిగేదేమిటో ఐస్ డబ్బానే చెప్పాలి.

ఇక పవరు. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకోగానే బెండ్ పైపులోకి ఒక పీడన తరంగం దూకుతుంది. అది పైపు వెడల్పు పెరిగే చోటికి చేరగానే పీల్పు తరంగంగా మారి వెనక్కి వస్తుంది. లోపలికీ బయటికీ వాల్వులు రెండూ కాసేపు కలిసి తెరిచి ఉండే సమయానికి ఆ పీల్పు అక్కడికి చేరితే మిగిలిన పొగను లాగేసి, కొత్త గాలికి చోటిస్తుంది. కాస్త ముందో వెనకో వస్తే సాయపడకపోగా అడ్డం పడుతుంది. కాబట్టి ఏ వేగం దగ్గర పికప్ బాగుండాలో చాలావరకు నిర్ణయించేది బెండ్ పైపు పొడవు, లావు. వెనక డబ్బా వంతు దాని తరవాతిదే. స్లిప్ ఆన్ ఒక్కటే తగిలిస్తే వచ్చేది మామూలుగా ఒకటి రెండు హార్స్‌పవర్, అదీ ఇంజను గట్టిగా తిరిగేటప్పుడు. ఫుల్ సిస్టమ్‌తో ఇంకొంత దక్కవచ్చు, కానీ కొన్నిసార్లు కింది వేగాల్లో లాగుడు తగ్గి ఆ నష్టం దీనికి సరిపోతుంది. ఎగ్జాస్టులో కాస్త ఎదురుపీడనం ఉంటేనే ఇంజను బాగా లాగుతుందని మెకానిక్కులు తరచూ చెప్పే మాట ఇలాంటి అనుభవం నుంచే పుట్టింది. అనుభవం నిజమే, కారణం మాత్రం తప్పు. అక్కడ తగ్గింది తరంగాల పొత్తు. ఎదురుపీడనం ఏ ఇంజనుకూ మేలు చేయదు.

పొగ సులువుగా పోతే గాలి ఎక్కువ వస్తుంది. గాలికి తగ్గ పెట్రోలు అందకపోతే మిక్చర్ పల్చబడుతుంది. బెండ్ పైపు ఎర్రగా కాలుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా పటపటమని పేలుళ్లు వినిపిస్తాయి. అలా పేలుతుంటే బండి రేసు బండి అయిపోయిందని కొందరు మురిసిపోతారు. బండేమో పెట్రోలు చాలక మొత్తుకుంటోంది. 2004లో వచ్చిన హోండా టీఆర్‌ఎక్స్ 450 ఆర్ లాంటి కార్బొరేటర్ బండికి పెద్ద మెయిన్ జెట్ వేయాలి. 2006 నుంచి ఇంజెక్షన్‌తో వస్తున్న యమహా రాప్టర్ 700కు పెట్రోలు లెక్క సరిచేసే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె తగిలించాలి. దానికి తోడు ఎయిర్ బాక్స్ మూత కూడా తీస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. సైలెన్సర్ ఖర్చుకు ఈ ఖర్చులన్నీ కలిపితే ఆ ఒకటి రెండు హార్స్‌పవర్ చాలా ఖరీదైనవని తేలుతుంది. జెట్టూ పెట్టె రెండూ మానేసి డబ్బా మాత్రం మార్చినవాడికి దక్కేది చప్పుడు, ఇంజనుకు వేడి. గొట్టం మారిస్తే దక్కే పవరు కొంచెమేనన్న మాటకు టూ స్ట్రోక్ బండ్లు మినహాయింపు. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్ముడైన యమహా బాన్షీకి పొట్ట ఉబ్బిన ఎగ్జాస్ట్ గొట్టమే సగం ఇంజను. అది మారితే బండి స్వభావమే మారుతుంది.

ఇప్పుడు ఏలినవారి కొలత సంగతి. 1986 జనవరి 1 నుంచి తయారైన మామూలు వాడకపు బండి చప్పుడు 96 డెసిబెల్స్ దాటరాదు, అంతకు ముందువాటికి 101 దాకా సెలవు. సైలెన్సర్ కొసకు 20 అంగుళాల దూరంలో, అంటే అర మీటరులో, 45 డిగ్రీల కోణంలో మీటరు పట్టాలి. బండి కదలకూడదు. ఇంజనును గరిష్ఠ వేగంలో సగానికి రేజ్ చేసి అంకె చదవాలి. పక్కా పద్ధతి, ఎక్కడ ఎవరు చేసినా ఒకే రకంగా వస్తుంది. ఇందులో చిక్కల్లా ఏ క్వాడ్ బైకూ అలా నడవకపోవడమే. ఇసుక తిన్నె ఎక్కేవాడి బొటనవేలు థ్రాటిల్ మీద నూటికి నూరుపాళ్లు నొక్కి ఉంటుంది, వెనక టైర్లు ఇసుక చిమ్ముతుంటాయి, ఇంజను పరీక్ష వేగానికి దాదాపు రెట్టింపు వేగంతో తిరుగుతుంటుంది. ఆ చప్పుడు కొలవడానికి అర మీటరు దూరంలో ఏలినవారు ఉండరు, ఉండకపోవడమే క్షేమం.

అర మీటరులో 96 ఉన్న చప్పుడు దూరం రెట్టింపయినప్పుడల్లా 6 చొప్పున తగ్గుతూ, ఆరుబయట 16 మీటర్ల దగ్గరికి 66కు దిగుతుంది. లెక్క ప్రకారం పక్క గుడారంలో ఉన్నవాళ్లు మాట్లాడుకోవచ్చు. కానీ మాట్లాడుకోలేరు. ఎందుకంటే రాప్టర్‌లో ఉన్నది 686 సీసీల ఒంటి సిలిండర్. నిమిషానికి 4500 చుట్లు తిరిగితే సెకనుకు 37 సార్లకు పైగా పేలుతుంది. మనిషి చెవికి సరిపోయేలా దిద్దిన ఎ స్కేలు మీటరు అంత కింది స్థాయి ధ్వనిని దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి రాసుకుంటుంది. గుండెల్లో అదిరేది, ట్రెయిలర్ కిటికీలు గిలగిలలాడించేది సరిగ్గా ఆ ధ్వనే. స్లిప్ ఆన్ సరిగా మింగలేని ధ్వనీ అదే. కాగితం మీద 95తో నెగ్గిన రెండు సైలెన్సర్లు రాత్రి పదింటికి ఒక్కలా వినిపించవు.

పైగా నెగ్గిన సైలెన్సర్ నెగ్గినట్టే ఉండదు. గ్లాస్ ఊల్ వేడికి కాలి, పొడిపొడిగా రాలి, చిల్లుల్లోంచి పొగతో పాటు వెళ్లిపోతుంది. రివెట్లు డ్రిల్ చేసి డబ్బా జారిస్తే లోపల పరుపులా ఉండాల్సిన చోట నల్లటి పెచ్చులు నాలుగు, నూనె జిడ్డుకు సగం పూడుకుపోయిన చిల్లులు కనిపిస్తాయి. గొట్టాన్ని బ్రష్షుతో రుద్ది, కొత్త ఊల్ బిగుతుగా చుట్టి, మళ్లీ రివెట్ కొట్టాలి. గంట పని, ఖర్చూ తక్కువే. అయినా బండి చప్పుడు పెరిగే కొద్దీ పవరు పెరిగిందని సంబరపడేవాడు ఆ పని పెట్టుకుంటాడా?

నిప్పురవ్వల జాలీ వ్యవహారం ఇంతకంటే ప్రమాదం. అమెరికా అటవీ శాఖ ప్రమాణం ప్రకారం 0.023 అంగుళాలకు, అంటే సుమారు 0.58 మిల్లీమీటర్లకు, మించిన బొగ్గు రేణువుల్లో కనీసం 80 శాతాన్ని అది ఆపాలి. మసి పట్టి మూసుకుపోతే ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది. దులిపి పెట్టుకోవడం బద్ధకమై జాలీనే పీకి పారేసేవాళ్లున్నారు. ఇసుకలో దానివల్ల ఏమీ కాదు. ఎండుగడ్డి మీద మాత్రం అవుతుంది.

ఇంతకూ ఈ సరుకు ఎలా చలామణీ అవుతోందంటే, చాలా రేసింగ్ సైలెన్సర్ల మీద ఒక చిన్న చీటీ ఉంటుంది: మూసిన ట్రాకులో పోటీలకు మాత్రమే. ఆ చీటీతో అమ్మినవాడు పునీతుడవుతాడు, కొన్నవాడు పోటీదారు అవుతాడు. థాంక్స్ గివింగ్ సెలవులకు ఇంపీరియల్ ఇసుక తిన్నెల్లో లక్ష మందికి పైగా దిగుతారు. వాళ్లలో పోటీదారులెవరో, ఆ ఎడారిలో మూసిన ట్రాకు ఎక్కడుందో ఏలినవారికే ఎరుక. తెలుగు రాష్ట్రాల్లో బుల్లెట్ సైలెన్సర్లను కుప్పపోసి రోడ్డు రోలరు ఎక్కించి, ముందు నిలబడి ఫొటో దిగే పోలీసుల తీర్పు ఇంతకంటే సూటిగా ఉంటుంది. కాకపోతే ఆ రోలరు కిందా అమ్మిన దుకాణాలు పడవు, కొన్నవాడి సరుకే పడుతుంది.

కాబట్టి విన్నపాలివి. ఎ స్కేలు అంకె పక్కన, కింది ధ్వనుల్ని పెద్దగా తగ్గించని సి స్కేలు అంకె కూడా రాసుకోవాలి. ఆ మీటర్లలో చాలావాటికి మీట మార్చితే చాలు. అమ్మే ప్రతి డబ్బా మీదా ఎన్ని గంటల వాడకానికి ఊల్ మార్చాలో ముద్రించమని తయారీదారుల్ని నిలదీయాలి. అడవి దారి మొదట్లో జాలీ ఉందో లేదో వేలు పెట్టకుండా టార్చిలైటు వేసి చూడాలి. వీలైతే, తిన్నె ఎక్కే బండిని ఒక్కసారైనా దూరం నుంచి కొలవాలి. చిత్తగించవలెను.